ఎండి పెళుసెక్కిన లంక పొగాకుకు తిరిగి పదును తేవడం

గోదావరి లంకల్లో మాఘ ఫాల్గుణాల్లో కోసి పందిళ్ళ కింద ఆరబెట్టిన పొగాకు, చైత్రం దాటి పడమటి గాలి తగిలేసరికి ఒక్కోసారి మూడు నాలుగు రోజుల్లోనే పెళుసెక్కిపోతుంది. నిన్నటిదాకా అరచేతిలో మడిస్తే మడతపడిన ఆకు, ఈ రోజు చెయ్యి తగలగానే గలగలమని ముక్కలై రాలుతుంది. ఆరు నెలల కష్టం అలా పొడుమైపోతుంటే చూసిన వారెవరికైనా వెంటనే ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి చల్లాలనిపిస్తుంది. సరిగ్గా ఆ పనే చేయకూడదు. పెళుసెక్కిన ఆకును మళ్ళీ పదునుకు, అంటే విరగకుండా వంగేంత తేమకు, తేవచ్చు, అందులో సందేహం లేదు. అయితే ఆ తేమ నీటి రూపంలో కాకుండా ఆవిరి రూపంలో, గాలి ద్వారా, నెమ్మదిగా, తూకం ప్రకారం ఆకులోకి చేరాలి. ఆ పని ఇంట్లో, పాకలో, పెద్ద పెట్టుబడి లేకుండా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట నా పొరపాటు చెప్పడం అవసరం. కొన్నేళ్ళ క్రితం రోహిణి కార్తెలో, గౌతమి ఒడ్డున ఉన్న మా లంకలో రెండు చెక్కుల (కట్టలు పేర్చి కట్టిన పెద్ద మోపుల) ఆకు బాగా ఎండిపోయిందని, కాలువ నీళ్ళు చేతితో చిలకరించి, గోనెపట్ట కప్పి, మర్నాటికి మెత్తబడిందని సంతోషించి కట్టలు కట్టి దాచాను. పది రోజుల తరువాత విప్పితే పై ఆకులు బాగానే ఉన్నాయి. లోపల మాత్రం నీటి చుక్కలు పడిన చోటల్లా రూపాయి కాసంత మచ్చలు, ఈనెల వెంట తెల్లటి బూజు, ముక్కిన వాసన కనిపించాయి. సగానికి పైగా పారేయవలసి వచ్చింది. చుట్టలు చుట్టి జీవితం గడిపిన మా మేనత్త ఆ ఆకు చూసి ఒకే మాట అంది: "ఆకుకి నీళ్ళెట్టకూడదబ్బాయ్, గాలెట్టాలి." ఆ మాటకు ఉన్న కారణం తరువాత తూకం, తేమమాపకం పెట్టుకొని చూసినప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

ఆకు తేమను ఎలా పట్టుకుంటుంది

ఎండిన పొగాకు చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే పీలుస్తుంది, తగ్గితే వదిలేస్తుంది. కొన్ని రోజులపాటు గాలి తేమ మారకుండా నిలిచి ఉంటే, ఆకు కూడా ఒక బరువు దగ్గర నిలిచిపోతుంది. గాలిలో సాపేక్ష తేమ 60 నుంచి 65 శాతం మధ్య ఉన్నప్పుడు ఆకు తన బరువులో సుమారు 12 నుంచి 14 శాతం నీటిని పట్టుకుంటుందని అనుకోవచ్చు. దాచుకోవడానికి కావలసిన పదును ఇదే. ఈ స్థితిలో ఆకు రేకు (ఈనె కాక మిగిలిన పలచటి భాగం) వంగుతుంది, విరగదు, బూజు పెరగడానికి చాలినంత తడి కూడా ఉండదు. గాలి తేమ 70 దాటిన చోట చాలాకాలం ఉంచితే బూజుకు దారి తెరిచినట్టే. పొగాకు జాతిని బట్టి, ఆకు మందాన్ని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. వరద వదిలిన ఒండ్రులో పండి, జిగురు ఎక్కువగా ఉండే మందపాటి లంక ఆకు తేమను ఆలస్యంగా తీసుకొని ఆలస్యంగా వదులుతుంది కాబట్టి, పలచటి ఆకుకు చాలిన వ్యవధి దీనికి చాలదు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, రేకు తేమను గంటల్లో పీలుస్తుంది, ఈనె మాత్రం రోజులు తీసుకుంటుంది. సాయంత్రం ఆకు మెత్తగా ఉందని కట్టేస్తే, తెల్లవారేసరికి ఎండు ఈనె ఆ తేమను తనలోకి లాక్కొని రేకును మళ్ళీ పెళుసుగా చేస్తుంది. దీనికి తలకిందులుగా, రేకు ఆరిపోయిందని నమ్మి కట్టిన ఆకులో ఈనె తడిగా మిగిలి ఉంటే, బూజు మొదట ఆ ఈనె మొదట్లోనే పుడుతుంది. రెండవది, ఒకసారి బాగా ఎండిపోయిన ఆకు, అదే గాలిలో తిరిగి తేమ పీల్చినా, తొలిసారి ఆరుతున్నప్పుడు అదే గాలి దగ్గర నిలుపుకొన్నంత నీటిని నిలుపుకోదు. కొద్దిగా తక్కువ దగ్గరే ఆగిపోతుంది. అందుకని గాలి తేమను మాత్రమే చూసి తృప్తి పడకుండా ఆకును తూచడం మంచిది.

ఎండిపోయిన ఆకుకు తేమ తిరిగి ఎక్కించడం అంటే ఏదో అతుకులు వేసే పని అని చిన్నచూపు చూడవలసిన అవసరం లేదు. పెద్ద కర్మాగారాల్లో ఎగుమతి ఆకును కావాలనే బాగా ఆరబెట్టి, చల్లార్చి, చివరి గదిలో ఆవిరితో కావలసిన శాతానికి తిరిగి తేమ ఎక్కించి, ఆ తరువాతే పెట్టెలకెత్తుతారు. ఆకు అంతటా ఒకే పదును రావడానికి అదే నమ్మకమైన మార్గం. బ్యారన్‌లో, అంటే వేడితో ఆకును ఆరబెట్టే కొట్టులో, కాల్చిన ఆకును దించే ముందు రైతులు రాత్రి తలుపులు తెరిచి ఉంచేదీ ఇందుకే. మనం చేయబోయేదీ ఆ పనే, చిన్న ఎత్తున.

ముందు కొలవాలి

చేతి పరీక్ష మొదటిది. ఒక ఆకును మొదలు పట్టుకొని చెవి దగ్గరగా ఊపండి. ఎండుటాకులా గలగలలాడితే తేమ 10 శాతం కంటే తక్కువకు దిగిపోయినట్టే భావించాలి. తరువాత రేకు అంచును వేలి మీదికి మడవండి. మడత గీత వెంట పగిలితే ఆ ఆకును కదిలించకండి, కట్ట విప్పకండి, దులపకండి. ఆకుకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఎండిపోవడం వల్ల కాకుండా, ఎండిపోయిన తరువాత మనం చేతులు పెట్టడం వల్ల జరుగుతుంది. సరైన పదును వచ్చిన ఆకులో రేకు గుప్పిట్లో ముడుచుకొని వదలగానే మెల్లగా విచ్చుకుంటుంది. ఈనె కొసవైపు వంగుతుంది, మొదలు వైపు లావుపాటి భాగం మాత్రం టక్కున విరుగుతుంది. మొదలు కూడా విరగకుండా వంగిపోతే తేమ ఎక్కువైందని అర్థం.

తూకం పరీక్షకు ఒక గ్రాము తేడాను చూపించే వంటింటి డిజిటల్ కాటా చాలు. కట్టలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన ముక్కలు, ఈనెతో సహా, సరిగ్గా 100 గ్రాములు తూచి, చిన్న విద్యుత్ ఓవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, గంటకొకసారి తూచుతూ, బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టాలి. చివరికి 92 గ్రాములు మిగిలితే ఆకులో 8 శాతం నీరు ఉన్నట్టు. ఆ ముక్కలు ఇక దేనికీ పనికిరావు, పారేయాలి. ఈ పని కిటికీలు తెరిచి చేయాలి. వంటకు వాడే ఓవెన్‌లో మాత్రం చేయవద్దు, పొగాకు ఘాటు నెలల తరబడి పోదు.

ఇప్పుడు లెక్క. ఆకులోని పొడి భాగం మారదు, నీరు మాత్రమే మారుతుంది. కనుక ఇప్పటి బరువును, నూరులోంచి ఇప్పటి తేమ తీసివేయగా వచ్చిన అంకెతో హెచ్చవేసి, నూరులోంచి కావలసిన తేమ తీసివేయగా వచ్చిన అంకెతో భాగిస్తే, చేరవలసిన బరువు వస్తుంది. 8 శాతం తేమ ఉన్న 10 కిలోల ఆకును 14 శాతానికి తేవాలంటే, 10ని 92తో హెచ్చవేసి 86తో భాగించాలి. సుమారు 10 కిలోల 700 గ్రాములు. అంటే ఆకు పీల్చవలసిన నీరు 700 గ్రాములు మాత్రమే. ముప్పావు లీటరు కూడా కాదు. చెంబులతో చల్లినవాళ్ళం ఎంత ఎక్కువ పోశామో ఈ లెక్క చూస్తేనే తెలుస్తుంది.

గాలి తేమను చూపే చిన్న డిజిటల్ తేమమాపకం ఒకటి కొనుక్కోవాలి. చవక పరికరాలు ఐదారు శాతం తప్పు చూపడం మామూలే కాబట్టి వాడే ముందు సరిచూసుకోవాలి. సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, ఉప్పు కరిగిపోకుండా తడిసి ముద్దయ్యేంత నీరు మాత్రమే కలిపి, ఆ మూతను, తేమమాపకాన్ని ఒక గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ కదల్చకుండా ఉంచండి. తడి ఉప్పు పైన ఉన్న గాలి తేమ ఎండాకాలమైనా చలికాలమైనా దాదాపు 75 శాతం దగ్గరే నిలుస్తుంది. మీ పరికరం 70 చూపిస్తే, అది ఎప్పుడూ ఐదు తక్కువ చూపుతుందని ఒక కాగితం ముక్క మీద రాసి దాని వెనక అంటించుకోండి.

చేతి తొడుగుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పదునెక్కిన ఆకును తడి చేతులతో గంటల తరబడి తిప్పితే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి వికారం, తల తిరుగుడు, వాంతులు కలుగుతాయి. పొలంలో మంచు తడి మీద ఆకు కోసేవారికి వచ్చే జబ్బు కూడా ఇదే. రబ్బరు తొడుగులు వేసుకోండి. ఎండిన ఆకు దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పిల్లలను, గర్భిణులను ఈ పనికి పిలవవద్దు.

పందిరి మీద ఉన్న ఆకుకు

ఆకు ఇంకా పందిరి మీదో, పాకలో దండేల మీదో ఉంటే అదృష్టమే, మనం చేయవలసింది వేళ ఎంచుకోవడం మాత్రమే. డెల్టాలో వేసవి మధ్యాహ్నం పడమటి గాలి వీచే రోజున గాలి తేమ బాగా పడిపోతుంది. అదే రోజు సాయంత్రం సముద్రం మీది నుంచి పైరగాలి మొదలైతే పెరుగుతూ పోయి, తెల్లవారుజామున అత్యధికానికి చేరుతుంది. కాబట్టి పగలు పాక తడికలు మూసి, పడమటి వైపు గోనెపట్టలు దించి, పొద్దుగూకాక తూర్పు, దక్షిణం వైపు తెరిచి ఉంచాలి. తెల్లవారుజామున మూడు గంటల నుంచి సూర్యోదయం దాకా ఉన్న వేళే ఆకు దించడానికి, కట్టడానికి, కదిలించడానికి మంచి వేళ. ఆ తరువాత ఎండెక్కితే, అప్పటిదాకా పీల్చిన తేమను అరగంటలో వదిలేయగలదు. లంకల్లో పెద్దవాళ్ళు ఆకు పని చీకటితోనే ముగించేవారు. ఎండకు జడిసి అలా చేసేవారని చిన్నప్పుడు అనుకున్నాను. ఆకు కోసం చేసేవారని ఇప్పుడు తెలుసు.

వడగాలి రాత్రుళ్ళు కూడా తగ్గని రోజుల్లో ఇసుకను ఆశ్రయించాలి. పాక నేల మీద నాలుగు అంగుళాల మందాన గోదావరి ఇసుక పరిచి, సాయంత్రం దాన్ని తడపాలి. నీరు నిలవకూడదు, పిడికిలి పడితే ఇసుక ముద్ద కట్టాలి, అంతే. దాని పైన ఇటుకలు నిలబెట్టి, అడుగు ఎత్తున వెదురు తడిక వేసి, తడిక మీద ఆకు తోరణాలను పలచగా, ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు పొరలకు మించకుండా పరవాలి. పైన పొడి గోనెపట్ట కప్పాలి. గోనెపట్టను తడపవద్దు, అది ఆకుకు తగిలిన చోటల్లా మచ్చ వేస్తుంది. తడిక కింద తేమమాపకం ఉంచితే మంచిది. రాత్రి మధ్యలో ఒకసారి లేచి పై పొరలు కిందికి, కింది పొరలు పైకి మార్చాలి. మొదటి రాత్రికే అన్నీ పూర్తవుతాయని ఆశించకండి. మందపాటి లంక ఆకుకు రెండు మూడు రాత్రులు పట్టవచ్చు.

ఇంటి అవసరానికి: ప్రమిద పద్ధతి

అరకిలో, కిలో ఆకు దాచుకొని ఇంట్లో చుట్టలు చుట్టుకునేవారికి నాకు తెలిసిన పద్ధతుల్లో అన్నిటికన్నా నచ్చింది మట్టి ప్రమిదది. మెరుగు పూయని, నూనె ఎరగని కొత్త ప్రమిద తీసుకోండి. దాన్ని పొడిగా తూచి, కాచి చల్లార్చిన నీటిలో నాలుగైదు గంటలు నానబెట్టి, తీసి, గుడ్డతో అద్ది, మళ్ళీ తూచండి. ఆ రెండు తూకాల తేడాయే అది మోస్తున్న నీరు. 60 గ్రాముల ప్రమిద ఐదారు గ్రాముల దాకా పీల్చగలదు. కాచిన నీరే ఎందుకంటే కాలువ నీటిలో బూజు విత్తనాలు, మట్టి, ఇంకా ఎన్నో ఉంటాయి.

100 గ్రాముల ఆకు 8 శాతం దగ్గర ఉంటే అది 14కు చేరడానికి 7 గ్రాములు కావాలి. అంటే రెండు ప్రమిదలు, లేదా ఒకే ప్రమిదను రెండుసార్లు. మూత గట్టిగా పడే స్టీలు డబ్బా అడుగున ప్రమిదను బోర్లించి, దాని పైన చిల్లుల పళ్ళెమో వెదురు పుల్లల గూడో పెట్టి, ఆకును పైన వదులుగా అమర్చండి. ఆకు ప్రమిదను తాకకూడదు. మూత పెట్టి, పగలు చల్లటి గదిలో ఉంచండి. పన్నెండు గంటల తరువాత ప్రమిదను తూచండి. అది కోల్పోయినది ఆకులోకి వెళ్ళింది. 3 గ్రాములు తగ్గితే ఆకు 3 గ్రాములు పెరిగింది. అనుమానం ఉంటే ఆకునే తూచండి. 107 గ్రాములకు చేరగానే ప్రమిద తీసేయండి. "ఇంకొంచెం ఉంటే ఇంకొంచెం మెత్తగా ఉంటుంది" అనే ఆశకు లొంగకండి. 107 దగ్గర తీసిన ఆకు మొదట రేకు మెత్తగా, ఈనె గట్టిగా ఉంటుంది. అది తప్పు కాదు.

ప్రమిద తీసిన తరువాత ఆకును అదే డబ్బాలో మూత పెట్టి మరి నాలుగైదు రోజులు ఉంచాలి. ఈ విరామాన్ని చాలామంది వదిలేస్తారు, అక్కడే పని చెడుతుంది. ఈ రోజుల్లో తేమ రేకు నుంచి ఈనెకు, పై ఆకుల నుంచి నడిమి ఆకులకు సర్దుకుంటుంది. డబ్బాలో తేమమాపకం ఉంచితే మొదటి రోజు 70 దాకా చూపి, క్రమంగా దిగి, ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఒక పగలూ రాత్రీ కదలకుండా 60, 65 మధ్య నిలిస్తే పదును కుదిరినట్టు. 55 దగ్గర ఆగితే ప్రమిదను మరొకసారి చిన్న మోతాదులో పెట్టండి. 68 దాటి ఆగితే మూత తీసి ఒక గంట నీడలో ఆరనిచ్చి, మళ్ళీ మూసి చూడండి.

బజారులో దొరికే తేమ పొట్లాలు, సిగార్ల పెట్టెల్లో వాడేవి, ఇదే పని రెండువైపులా చేస్తాయి. తక్కువైతే ఇస్తాయి, ఎక్కువైతే తీసుకుంటాయి. 62, 65 అంకెలు ఉన్నవి కొనండి. ప్రమిదతో పోలిస్తే ఖర్చు ఎక్కువ, కానీ తూచే శ్రద్ధ లేనివారికి అవి భద్రం. తడి ఉప్పును మాత్రం ఆకుతో పాటు దీర్ఘకాలం ఉంచవద్దు. అది 75 దగ్గర నిలుస్తుంది కనుక, పరికరం సరిచూడటానికే తప్ప ఆకు దాచడానికి పనికిరాదు.

అరటాకు, బెల్లం నీళ్ళు, ఇతర ఇంటి చిట్కాలు

కోనసీమలో ఎండు ఆకును అరటాకులో చుట్టి పెట్టడం, అరటి దొప్పలో పెట్టి కట్టడం చాలా ఇళ్ళలో ఉంది. ఆ రోజు సాయంత్రం చుట్టబోయే నాలుగైదు ఆకులకు, రెండు మూడు గంటలకు, ఇది చక్కగా పనిచేస్తుంది, నేనూ చేస్తాను. రాత్రంతా వదిలేస్తే మాత్రం అరటాకు వాడి, నీరు కార్చి, దాని మీది బూజును, దాని పచ్చి వాసనను పొగాకుకు అంటగడుతుంది. నిమ్మతొక్క, పచ్చి బంగాళదుంప ముక్క, బ్రెడ్డు ముక్క వేసి డబ్బా మూసే అలవాటుకూ ఇదే అభ్యంతరం. అవి ఎంత నీరు ఇస్తాయో లెక్క లేదు. ఆహార పదార్థం కుళ్ళడం మొదలైతే డబ్బాలో ఉన్న ఆకు మొత్తానికి అంటుకుంటుంది.

బెల్లం నీళ్ళు చల్లడం గురించి నా అభిప్రాయం కొంచెం మెత్తగానే ఉంటుంది. బెల్లం గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది కాబట్టి ఆకు త్వరగా పెళుసెక్కదు, ఘాటు కొంచెం తగ్గినట్టు ఉంటుంది. కానీ డెల్టా వానాకాలంలో అదే గుణం శత్రువవుతుంది. చీమలు వస్తాయి, బూజు వస్తుంది, ఆకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. వెంటనే వాడబోయే ఆకుకే దాన్ని పరిమితం చేయాలి.

కెటిల్ ఆవిరి పట్టడం అత్యవసరానికి పనికొస్తుంది. చుట్ట పై ఆకు చుట్టుతుంటే పగులుతున్నప్పుడు, ఆవిరికి అడుగు దూరంలో రెండు మూడు క్షణాలు అటూ ఇటూ తిప్పితే చాలు. కెటిల్ ముక్కు దగ్గర పెట్టి పట్టుకుంటే ఆకు నల్లబడి, జిగురు కరిగి, అతుక్కుపోతుంది.

మండెకు వేరే పదును

ఎండిపోయిన ఆకును మండె వేయాలనుకునేవారికి, అంటే కుప్పగా పేర్చి మాగబెట్టాలనుకునేవారికి, ఒక హెచ్చరిక. మండెలో ఆకు తనంతట తాను వేడెక్కి మాగాలంటే, దాచుకోవడానికి చెప్పిన 14 శాతం చాలదు, అంతకన్నా చెప్పుకోదగినంత ఎక్కువ పదును కావాలి. అందువల్ల ముందు పై పద్ధతుల్లో చేతులు పెట్టగలిగే పదునుకు తెచ్చి, తరువాత తెల్లవారుజాము గాలిలో ఇంకాస్త మెత్తబరచి మండె కట్టాలి. ఎండు ఆకును అలాగే మండె వేసి పైన నీళ్ళు పోస్తే, పై పొర కుళ్ళి, నడిమి పొర ఎప్పటిలాగే ఎండుగా మిగులుతుంది. మండెలోకి ప్రతిరోజూ చెయ్యి దూర్చి చూడాలి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కకముందే తిరగ వేయాలి. మండె తీశాక ఆ ఆకును మళ్ళీ నీడలో దాచుకునే పదునుకు ఆరబెట్టవలసిందే.

దాచడం

పదును తెచ్చిన శ్రమ నిలవాలంటే దాచే చోటు సరిగా ఉండాలి. ఈ విషయంలో నేను కొంచెం విస్తారంగా చెప్పడానికి కారణం, గత ఇరవై ఏళ్ళలో లంకల్లో తాటాకు పాకలు తగ్గి రేకుల షెడ్లు పెరగడం. తాటాకు కప్పు పగలు వేడిని ఆపి, రాత్రి చలిని ఆపి, ఆకును ఒకే తీరులో ఉంచేది. రేకుల కింద మధ్యాహ్నం చెక్కు పై భాగం బాగా వేడెక్కుతుంది, తెల్లవారేసరికి చల్లబడుతుంది. వేడెక్కిన ఆకు వదిలిన ఆవిరి చల్లటి వైపుకు జరిగి అక్కడ చేరుతుంది. చుట్టూ పాలిథీన్ సంచి ఉంటే లోపలి గోడ మీద చెమటలా పడుతుంది. అంటే మొత్తం మీద తేమ సరిగ్గా ఉన్న చెక్కులో కూడా ఒక మూల పెళుసుగా, మరో మూల బూజు పట్టేంత తడిగా తయారవుతుంది. రేకుల షెడ్డు తప్పనిసరైతే లోపల తాటాకు లేదా గడ్డి పందిరి ఇంకొకటి వేసి, చెక్కులను ఆ నీడన, గోడకు ఒక అడుగు ఎడంగా, నేలకు అరడుగు ఎత్తున చెక్క బల్లల మీద ఉంచాలి.

గోనె, పాలిథీన్ రెండిట్లో ఏది మంచిదని అడుగుతారు. వేసవిలో పెళుసెక్కకుండా ఉండటానికి గోనె చాలదు, అది ఊపిరి పీల్చినట్టే తేమను వదులుతుంది. వానాకాలంలో తేమను పీల్చుకోకుండా కూడా గోనె ఆపలేదు. ఆకు 14 శాతం లోపల ఉందని తూచి నిర్ధారించుకున్న తరువాత, లోపల పాలిథీన్, పైన గోనె వేసి కట్టడమే డెల్టాకు తగిన పద్ధతి. తూచకుండా పాలిథీన్‌లో కట్టడం మాత్రం నేను చేసిన పొరపాటునే మళ్ళీ చేయడం. ఇంటి మోతాదుకు పాత ఊరగాయ జాడీ బాగుంటుంది, అందులో కారం, నూనె వాసన మిగలకపోతేనే. పొగాకును బియ్యం, పప్పు, బెల్లం ఉన్న గదిలో పెట్టవద్దు. వాటికి దీని వాసన పడుతుంది, దీనికి వాటి పురుగు పడుతుంది.

ఆకుకు సూది మొనంత గుండ్రటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే అది పొగాకు పురుగు పని, పెళుసుదనం వల్ల వచ్చిన పొడుం కాదు. తేమ తెచ్చే ముందే దాన్ని చూసుకోవాలి. పదునెక్కి వెచ్చగా ఉన్న డబ్బాలో పురుగు హాయిగా పెరుగుతుంది. కొద్ది ఆకైతే గట్టిగా సంచిలో కట్టి, ఫ్రీజరులో సున్నాకు 18 డిగ్రీల కింద వారం రోజులు ఉంచి, తీశాక సంచి విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగాలి. వెంటనే విప్పితే చల్లటి ఆకు మీద గాలిలోని తేమ నీటి బొట్లుగా పడుతుంది, మళ్ళీ మచ్చలు.

తిరిగి రానిది

పోయిన నీటిని తెచ్చుకోగలం కానీ, అతిగా ఎండినప్పుడు నీటితో పాటు ఎగిరిపోయిన పరిమళాన్ని తెచ్చుకోలేము. నాలుగైదుసార్లు ఎండి, నాలుగైదుసార్లు తడిసిన ఆకు మెత్తగా ఉంటుంది, కానీ కాలిస్తే గడ్డి వాసన కొడుతుంది. అందుకే మొదటిసారి పెళుసెక్కినప్పుడే గుర్తించి సరిచేసుకోవాలి. విరిగిన ఆకును కూడా పారేయనవసరం లేదు. చేతి వేలంత ముక్కలను వేరుచేసి, వేరే డబ్బాలో పదునుకు తెచ్చి, చుట్ట లోపలి ఆకుగా వాడవచ్చు. పై ఆకుకు మాత్రం ముక్క లేని పూర్తి రేకే కావాలి. ముక్కలను మొత్తం ఆకుతో కలిపి ఒకే డబ్బాలో పెట్టవద్దు. ముక్కలు తేమను ముందుగా పీల్చేసి తూకాన్ని తప్పుదారి పట్టిస్తాయి.

ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా పక్షానికొకసారి ప్రతి చెక్కులోనూ ఒక చెయ్యి దూర్చి, నడిమి నుంచి ఒక ఆకు లాగి చూడాలి. ఈనె మొదలు విరగదీసి వాసన చూడండి. తీపి కలిసిన ఘాటు వస్తే బాగున్నట్టు. ముక్కిన వాసన వస్తే ఆ పూటే చెక్కు విప్పి, వాన తెరిపి ఇచ్చిన మధ్యాహ్నం నీడలో పరిచి, బూజు పట్టిన ఆకులను వేరు చేసి కాల్చేయాలి. ఎంత చిన్న మచ్చ అయినా తుడిచి మళ్ళీ లోపల పెట్టవద్దు. మిగిలిన వాటిని 13 శాతం దగ్గరికి ఆరబెట్టి, తూచి, ఆ తూకాన్ని, ఆ తేదీని చెక్కు మీద బొగ్గుతో రాసి, తిరిగి కట్టాలి. కార్తీకంలో మళ్ళీ తూచినప్పుడు ఆ బొగ్గు అంకె పక్కన కొత్త అంకె రాస్తే, మీ పాకలో ఆకు ఏ నెలలో ఎంత తాగుతుందో, ఎంత వదులుతుందో రెండేళ్ళలో మీకే తెలిసిపోతుంది.